ఒక్క రూపాయితో తగులుకున్న సబ్‌స్క్రిప్షన్: వదిలించుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మా అప్ప ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. దసరా ముందు పని ఒత్తిడిలో ఉండగా ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. కొత్త మోడల్ జాకెట్ల కటింగ్ వీడియోలు, ఏడు రోజులు ఒక్క రూపాయికే. రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టేసింది. రెండు వీడియోలు చూసి, "ఇవన్నీ నాకు వచ్చినవేరా" అని వదిలేసింది. డిసెంబరు ఆఖర్లో పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని నేరుగా నా షాపుకి వచ్చింది. నెలకి 499 చొప్పున మూడు నెలలు, మొత్తం 1,497 రూపాయలు పోయాయి. "ఈ డబ్బుకి ఎన్ని జాకెట్లు కుట్టాలో తెలుసా నీకు?" అని నా మీదే కోప్పడింది, ఆ యాప్ నేను పెట్టినట్టు.

నాది ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. ఇలాంటి పాస్‌బుక్‌లు నా బల్ల మీదికి తరచుగా వస్తాయి. జాతకాల యాప్, స్పోకెన్ ఇంగ్లీష్ యాప్, పిల్లల చదువు యాప్, సీరియళ్ల యాప్... పేర్లే తేడా. వచ్చినవాళ్లు అప్పటికే చేసిన పనులు మాత్రం ఒకటే వరస. ముందు యాప్ తీసేస్తారు. తర్వాత గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తారు. వాళ్లతో హిందీలో దెబ్బలాడి అలిసిపోయి, ఆఖరికి బ్యాంకుకి వెళతారు. ఈ వరసను తిరగేస్తే సగం పని అయిపోయినట్టే. ముందు మీ వైపున డబ్బు పోయే దారి మూయాలి, కంపెనీతో మాటలు ఆ తర్వాత. డబ్బు ఇంకా వాళ్లకి పోతూ ఉన్నంతసేపు మీ మాట వినాల్సిన అవసరం వాళ్లకి లేదు.

మొదటి పని: ఏదీ తీసేయకండి, ఫోటోలు తీయండి

యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఆగకపోగా మీ దగ్గరున్న ఆధారం పోతుంది. కాబట్టి ముందు యాప్ తెరిచి స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మీ ప్లాన్ చూపించే పేజీ, ధర, ఎప్పుడు చేరారో ఆ తేదీ, వచ్చిన ఎస్ఎంఎస్‌లు, ఈమెయిల్ ఉంటే అది. రద్దు బటన్ కోసం వెతికి దొరకకపోతే, వెతికిన పేజీలన్నీ ఒక్కొక్కటిగా తీయండి. ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఉంటే ఇంకా మేలు. "రద్దు చేసుకోవడానికి దారే పెట్టలేదు" అని రేపు మీరు చెబితే, ఆ మాటకి సాక్ష్యం ఇదే. మొదట చూసిన ప్రకటన మళ్లీ కనబడితే దాన్నీ వదలకండి.

అప్ప యూపీఐ యాప్‌లో పాత లావాదేవీ తెరిచి చూశాం. పైన పెద్ద అక్షరాల్లో ఒక్క రూపాయి. దాని కింద బూడిదరంగు చిన్న అక్షరాల్లో, గరిష్ఠంగా 999 వరకు, నెలకోసారి, 2055 దాకా. అంటే ఆ రోజు ఆమె కట్టింది రూపాయే గానీ, రాసిచ్చింది దగ్గర దగ్గర ముప్పై ఏళ్లకి. అదంతా ఇంగ్లీషులోనే ఉంది. మన ఇళ్లలో తెలుగు, బళ్లలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు. తెలుగులోకి మార్చుకుంటే తేలికవుతుందా అంటే, "మీ చందా ప్రాధాన్యతలను నిర్వహించండి" లాంటి వాక్యాలు వస్తాయి. జనం మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు వాదించింది ఈ ఊళ్లో ఉండే. ఆయన ఆ వాక్యం చూసి ఉంటే ఏమనేవారో!

రెండో పని: డబ్బు ఏ దారిన పోతోందో కనిపెట్టండి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. కంపెనీ ఒకటే అయినా డబ్బు పోయే దారులు అయిదు ఉన్నాయి. వేరే దారి మూస్తే లాభం లేదు. డెబిట్ కార్డు బ్లాక్ చేయించేశానని ధీమాగా ఉంటారు. డబ్బేమో యూపీఐ ఆటోపే, అంటే ఒకసారి పిన్ కొడితే ఆ తర్వాత దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, దాని మీదుగా పోతూ ఉంటుంది. ఆటోపే ముడిపడింది ఖాతాకి, కార్డుకి కాదు.

పాస్‌బుక్‌లో గానీ స్టేట్‌మెంట్‌లో గానీ ఆ ఎంట్రీ పక్కన ఏముందో చదవండి. యూపీఐ అని ఉంటే ఆటోపే. ఏసీహెచ్ లేదా నాచ్ అని ఉంటే ఖాతా మీద మ్యాండేట్, అంటే డబ్బు తీసుకోమని మీరు ముందే ఇచ్చిన అనుమతి. పీఓఎస్, ఈకామ్ లాంటివో కార్డు చివరి నాలుగు అంకెలో ఉంటే కార్డు. గూగుల్ లేదా యాపిల్ పేరు ఉంటే ప్లేస్టోర్, యాప్‌స్టోర్ ద్వారా పోతున్నట్టు. బ్యాంకులో ఏమీ కనబడకుండా మొబైల్ బ్యాలెన్స్ తరుగుతుంటే సిమ్ కంపెనీ ద్వారా.

యాప్ పేరే స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుందని అనుకోకండి. చాలాసార్లు అక్కడ పడేది దాని వెనకున్న ప్రైవేట్ లిమిటెడ్ పేరో, మధ్యలో ఉన్న పేమెంట్ గేట్‌వే పేరో. అప్ప పాస్‌బుక్‌లో జాకెట్ల మాటే లేదు. తేదీని, మొత్తాన్ని బట్టి పోల్చుకున్నాం. ఆ పేరు రాసి పెట్టుకోండి, ఫిర్యాదులో ప్రతివాదిగా రాయాల్సింది దాన్నే.

మూడో పని: దారి మూసెయ్యండి

*యూపీఐ ఆటోపే అయితే.* మొదట ఏ యాప్‌లో పిన్ కొట్టారో ఆ యాప్ తెరవండి. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్, దేనిలోనైనా ప్రొఫైల్‌లోకో సెట్టింగ్స్‌లోకో వెళితే ఆటోపే అని గానీ మ్యాండేట్లు అని గానీ ఉంటుంది. నడుస్తున్నవన్నీ అక్కడ వరసగా కనబడతాయి. మీకు అక్కర్లేనిది తెరిచి రద్దు నొక్కండి. పాజ్ అనే మాట కూడా ఉంటుంది, దాన్ని నొక్కి సరిపెట్టుకోకండి. అది తాత్కాలికం. కొన్ని యాప్‌లు రద్దు చేయడానికి కూడా పిన్ అడుగుతాయి. అప్ప అక్కడే చెయ్యి వెనక్కి తీసేసింది, మళ్లీ డబ్బు పోతుందేమోనని. స్క్రీన్ మీద రద్దు అనే మాట, ఆ కంపెనీ పేరు ఉన్నాయో లేదో చూసుకుని పిన్ కొట్టండి. రద్దయినట్టు వచ్చిన సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీయండి.

జాబితా తెరిచారు కాబట్టి మిగతావి కూడా చదవండి. అప్ప ఫోన్‌లో ఇంకొకటి దొరికింది, వాళ్ల అబ్బాయి ఎప్పుడో పాటల యాప్‌కి పెట్టినది.

*కార్డు అయితే.* 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన గట్టిగా అమల్లో ఉంది. మన బ్యాంకు కార్డు మీద పదే పదే డబ్బు తీసుకోవాలంటే మొదటిసారి ఓటీపీతో మీ అనుమతి ఉండాలి. ప్రతి కోతకీ కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి, అందులో వద్దనే అవకాశం ఉండాలి. మ్యాండేట్‌ని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలు బ్యాంకే ఇవ్వాలి. కంపెనీ ఒప్పుకోలు అక్కర్లేదు. నెట్ బ్యాంకింగ్‌లో గానీ బ్యాంకు యాప్‌లో గానీ కార్డుల కింద ఈ-మ్యాండేట్ లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని వెతకండి. కొన్ని బ్యాంకులు ఎస్ఐ హబ్ అనే పోర్టల్‌కి పంపిస్తాయి, అక్కడ కార్డు నంబరు, ఓటీపీతో జాబితా వస్తుంది. ఎక్కడా దొరక్కపోతే కార్డు వెనక ముద్రించిన నంబరుకి ఫోన్ చేసి అడగండి.

విదేశీ వెబ్‌సైట్ అయితే ఈ ఓటీపీ కాపలా లేకుండానే డబ్బు పోవచ్చు. అందుకని బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీల స్విచ్ ఆఫ్ చేసెయ్యండి. ఆ స్విచ్ ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే. ఊళ్లో అవసరాలకి దాంతో పనే ఉండదు.

*ఏసీహెచ్, నాచ్ అయితే.* బ్రాంచికి వెళ్లి రాసివ్వడం మేలు. మాలో చాలామందికి ఖాతా నది అవతల ఆంధ్రలోని పాతపట్నంలో ఉంటుంది, ఇల్లు ఇవతల ఒడిశాలో. ఫలానా మ్యాండేట్ రద్దు చేయండి అని దరఖాస్తు రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. యూఎంఆర్ఎన్ అనే పొడుగాటి మ్యాండేట్ నంబరు ఉంటుంది, అది స్టేట్‌మెంట్‌లో గానీ ఎస్ఎంఎస్‌లో గానీ దొరికితే రాయండి. "అది కంపెనీ వాళ్లే తీయాలమ్మా" అని కౌంటర్‌లో అనొచ్చు. ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వాలనేసరికి జవాబు మారడం నేను చూశాను.

ఖాతా ఖాళీగా ఉంచితే సరి, వాళ్లేం తీసుకుంటారు అనే ఉపాయం మాత్రం వద్దు. నాచ్ తిరిగొస్తే బ్యాంకు బౌన్స్ ఛార్జీ వేస్తుంది. ఇక్కడ తప్పించుకున్న డబ్బు అక్కడ కట్టినట్టు అవుతుంది.

*ప్లేస్టోర్ అయితే.* ప్లేస్టోర్‌లో మీ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయండి. ఫోన్‌లో రెండు జీమెయిళ్లు ఉంటే రెండూ చూడండి, చేరింది రెండోదాంతో అయి ఉండొచ్చు. డబ్బు కట్టి 48 గంటలు దాటకపోతే రీఫండ్ గూగుల్‌నే నేరుగా అడగొచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటాయి. ఉచిత ట్రయల్ అయితే ముగియడానికి కనీసం ఒక రోజు ముందే తీసెయ్యాలి.

*మొబైల్ బ్యాలెన్స్ అయితే.* కాలర్ ట్యూన్లు, ఆటలు, క్రికెట్ కబుర్లు లాంటివి ఇలా తగులుకుంటాయి. స్టాప్ అని ఇంగ్లీషులో టైప్ చేసి 155223కి ఎస్ఎంఎస్ పంపండి. అన్ని కంపెనీలకూ అదే నంబరు.

ఒక్క తేడా ముందే చూసుకోండి

పైన చెప్పినవన్నీ సబ్‌స్క్రిప్షన్ల గురించే. పిల్లల కోచింగ్, కంప్యూటర్ కోర్సు లాంటివాటిలో నెలనెలా ఫీజు అని చెప్పి, నిజానికి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద అప్పు రాయిస్తారు. పాన్ కార్డు, సెల్ఫీ, ఆధార్ ఓటీపీ అడిగారంటే అనుమానించండి. అది అప్పయితే వాయిదా ఆపడం వల్ల సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగా కడుతున్నారో లేదో చూపే మార్కు, దెబ్బతింటుంది. అలాంటప్పుడు మ్యాండేట్ తుంచకండి. ముందు అప్పు ఇచ్చిన సంస్థకి, కోర్సు కంపెనీకి ఇద్దరికీ రాతపూర్వకంగా రద్దు అడగండి. డిజిటల్ అప్పులకి కూలింగ్ ఆఫ్ అని కొద్దిపాటి గడువు ఉంటుంది. ఆలోగా అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి బయటపడొచ్చు. ఆ గడువు ఎంతో అప్పు కాగితాల్లోనే ఉంటుంది.

ఉత్త సబ్‌స్క్రిప్షన్‌కి సిబిల్‌తో సంబంధం లేదు. "మీ సిబిల్ పాడైపోతుంది, లాయర్ నోటీసు వస్తుంది" అని ఫోన్‌లో బెదిరిస్తే టెన్షన్ పడక్కర్లేదు.

నాలుగో పని: కంపెనీకి రాయండి, ఫోన్ చేయకండి

డబ్బు దారి మూసినంత మాత్రాన ఒప్పందం రద్దయినట్టు కాదు. వాళ్ల లెక్కలో మీరింకా చందాదారే. అందుకని ఒక ఉత్తరం ముక్క పడాలి. ఫోన్‌లో ఎందుకు వద్దంటున్నానంటే, అక్కడ కూర్చున్నవాళ్ల పనే మిమ్మల్ని ఆపడం. సగం ధరకి ఇస్తామంటారు, మూడు నెలలు ఉచితమంటారు, ఎందుకు వద్దో చెప్పమంటారు. మీరు మొహమాటపడి "సరే, చూస్తాను" అంటే అది ఒప్పుకున్నట్టే రాసుకుంటారు.

యాప్‌లో గానీ వెబ్‌సైట్ అడుగున గానీ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, ఈమెయిల్ ఉండాలి. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం ఆయన మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్ప తరఫున నేను పంపింది దాదాపు ఇది. ఇంగ్లీషులో రాయడం వస్తే ఇంగ్లీషులో, లేకపోతే మీకు వచ్చిన భాషలో రాయండి.

"నా రిజిస్టర్డ్ మొబైల్ నంబరు ఇది. ఫలానా తేదీన ఒక్క రూపాయి ట్రయల్‌లో చేరాను. ఆ తర్వాత నెలకి 499 రూపాయలు తీసుకుంటారని నాకు స్పష్టంగా చెప్పలేదు. నా సబ్‌స్క్రిప్షన్ ఈ రోజు నుంచి రద్దు చేయండి. ఇకపై నా ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకున్న 1,497 రూపాయలు తిరిగి ఇవ్వండి. రద్దయినట్టు రాతపూర్వకంగా తెలపండి. స్క్రీన్‌షాట్లు జతచేశాను."

ఇంతకు మించి రాయకండి. తిట్లు, కుటుంబ కష్టాలు, జాకెట్ల గోల ఏవీ వద్దు. ఈమెయిల్ అడ్రసు లేకపోతే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి స్పీడ్ పోస్ట్ పంపి, రసీదు దాచండి.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో అసలు వెతక్కండి, కారణం ఉంది. అక్కడ దొరికే నంబర్లలో దొంగ నంబర్లు కలిసి ఉంటాయి. "రీఫండ్ వేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఈ లింక్ నొక్కి పిన్ కొట్టండి" అంటారు. మీ ఖాతాలో డబ్బు పడడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మీ స్క్రీన్ చూపించమనే యాప్ ఏదైనా వేయమంటే ఫోన్ పెట్టేయండి. 499 కోసం వెళ్లి ఖాతా అంతా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలా జరిగిపోతే ఒక్క క్షణం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అయిదో పని: పోయిన డబ్బు రాబట్టడం

ఇది ఓపికతో కూడిన పని. ప్రతిసారీ వస్తుందని చెప్పను. అయితే చట్టం మీ పక్కనుంది. కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. కొనేవాణ్ణి మాయచేసే 13 రకాల పద్ధతుల్ని అందులో పేర్లతో సహా నిషేధించారు. వాటిలో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. రద్దు చేసుకోవడం కష్టం చేయడం, రద్దు బటన్ దాచడం, ఉచిత సబ్‌స్క్రిప్షన్ కోసం ఆటో డెబిట్ అనుమతి బలవంతాన తీసుకోవడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. ఫిర్యాదులో ఆ మాట పేరు పెట్టి రాయండి. "మోసం చేశారు" అంటే కదలని గుమాస్తా "డార్క్ ప్యాటర్న్ మార్గదర్శకాలు 2023, సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" అంటే ఫైలు తెరుస్తాడు.

కంపెనీ జవాబివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. 8800001915కి వాట్సాప్ చేసినా సరే. వాళ్లు డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదు నంబరు ఇచ్చి, ఫిర్యాదుని కంపెనీకి పంపిస్తారు. ఇది కోర్టు కాదు, ఆర్డరు వేసే అధికారం లేదు. అయినా చిన్న మొత్తాలకి కంపెనీలు ఇక్కడే దిగివస్తుంటాయి, వాళ్లకీ ఆ తలనొప్పి అక్కర్లేదు కాబట్టి.

ఇంకో పక్క బ్యాంకు. మీరు రద్దు చేశాక కూడా కోత పడితే, లేదా ముందస్తు సమాచారం రాకుండా పడితే, బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం, అంటే ఆ కోత మీద అభ్యంతరం చెప్పే ఫారం నింపండి. ఆలస్యం చేస్తే కార్డు కంపెనీల గడువు దాటిపోతుంది. పిన్ మీరే కొట్టిన మొదటి లావాదేవీని మాత్రం "నేను చేయలేదు" అని రాయకండి. అది అబద్ధమని వాళ్ల రికార్డులో తెలిసిపోతుంది, మీ నిజమైన ఫిర్యాదు కూడా దాంతోపాటు పోతుంది. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో, ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు.

ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. సరిహద్దులో ఉన్న మనకి ఇక్కడ ఒక సందేహం సహజం. ఖాతా ఆంధ్రలో, సిమ్ ఆంధ్రది, కంపెనీ ఏ బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో, ఇల్లు ఒడిశాలో. కేసు ఎక్కడ? 2019 చట్టం వచ్చాక జవాబు తేలికైంది. ఫిర్యాదుదారు ఉండే చోట, లేదా పనిచేసే చోట వేయొచ్చు. పర్లాకిమిడిలో ఉండేవాళ్లు గజపతి జిల్లాలో వేస్తే చాలు, శ్రీకాకుళం పరుగెత్తక్కర్లేదు, బెంగళూరు అసలే అక్కర్లేదు. ఇల్లు ఇక్కడే అని చూపడానికి ఆధార్‌లో ఈ ఊరి చిరునామా ఉంటే మంచిది. అత్తవారు పాతపట్నంలో, పుట్టిల్లు పర్లాలో అని పాత చిరునామా అలాగే ఉంచేసినవాళ్లు ముందు దాన్ని సరిచేసుకోండి. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

అప్ప విషయం అంతదాకా వెళ్లలేదు. మెయిల్‌కి వాళ్లు పలకలేదు. 1915లో ఫిర్యాదు పెట్టాక రెండో వారంలో, నవంబరు, డిసెంబరు నెలల 998 రూపాయలు ఖాతాలో పడ్డాయి. అక్టోబరు 499 మాత్రం ఇవ్వమని, ఆ నెల వీడియోలు చూశారు కదా అని రాశారు. "రెండు చూసిన మాట నిజమే కదరా, పోనీలే" అంది అప్ప. నేనైతే ఆ 499కీ మళ్లీ రాసేవాణ్ణి.